ఇమేజ్ ప్రాసెసింగ్ ఎలక్టివ్ వద్దనుకునే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఒక మాట

పోస్టు పొడుగే. తీరిక చూసుకుని చివరిదాకా చదవండి. తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి, పడతాం.

వారం రోజులుగా గ్రూపులో ఎలక్టివ్‌ల గురించి మెసేజ్‌లు నడుస్తున్నాయి. థర్డ్ ఇయర్ తమ్ముడొకడు "డిజిటల్ ఇమేజ్ ప్రాసెసింగ్ తీసుకోవచ్చా అన్నా" అని అడిగాడు. వెంటనే సీనియర్లు వరసపెట్టి "వద్దురా, అన్నీ లెక్కలే, సప్లీ ఖాయం, ఈజీది ఏదైనా చూస్కో" అని పెట్టారు. వాళ్ళని తప్పు పట్టట్లేదు. వాళ్ళు పడ్డ కష్టం వాళ్ళు చెప్పారు. కానీ మేము ఐదుగురం పోయిన ఏడాది ఆ సబ్జెక్ట్ చదివాం. మాలో ఇద్దరిది పాడేరు వైపు, ఇద్దరిది రంపచోడవరం వైపు, ఒకరిది ఉట్నూరు. మాలో ఒకరికి మొదటిసారి పోయింది కూడా, మళ్ళీ రాసి గట్టెక్కాడు. అయినా మేము చెప్పేది ఒకటే: ఈ సబ్జెక్ట్ వదలొద్దు. ఎందుకంటే ఇవాళ మన భూమిని, మన మొహాన్ని బొమ్మల్లో చూసి "అవును", "కాదు" అని తేలుస్తున్నారు. ఆ "అవును", "కాదు" ఎలా పుడతాయో కాలేజీలో నేర్పేది ఈ ఒక్క సబ్జెక్టులోనే.

ముందు సబ్జెక్ట్ ఏంటో మాకు అర్థమైన మాటల్లో చెప్తాం.

ఫోటో అంటే అంకెల పట్టిక, అంతే. అడ్డం గళ్ళు, నిలువు గళ్ళు. ఒక్కో గడి ఒక పిక్సెల్. నలుపు తెలుపు ఫోటో అయితే గడిలో సాధారణంగా 0 నుంచి 255 దాకా ఒక అంకె ఉంటుంది. 0 అంటే కటిక నలుపు, 255 అంటే పూర్తి తెలుపు. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అనే ఇంజనీరు తన మూడు నెలల కొడుకు ఫోటోని మొదటిసారి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. అది 176 గళ్ళు అడ్డం, 176 గళ్ళు నిలువు. మొత్తం కలిపినా 31 వేల గళ్ళు లేవు. ఇప్పుడు మన చేతిలో ఉన్న చవక ఫోన్ కూడా లక్షల గళ్ళు తీస్తుంది. గళ్ళు పెరిగాయి గానీ సంగతి మారలేదు. బొమ్మ అంకెలయ్యాక దాని మీద కూడికలు, తీసివేతలు, సగటులు చెయ్యొచ్చు. మసకగా ఉంటే తేటపరచొచ్చు, మచ్చలు తీసెయ్యొచ్చు, అంచులు వెతకొచ్చు, ఒక భాగాన్ని ఇంకో భాగం నుంచి విడదీయొచ్చు. సిలబస్ అంతా ఇదే.

ఇందులో రెండో మూడో యూనిట్‌లో "థ్రెషోల్డింగ్" అని ఒకటి వస్తుంది. రెండు మార్కుల ప్రశ్న అనుకుని మేము కూడా దాటేశాం. తర్వాత తెలిసింది, సబ్జెక్ట్ మొత్తంలో మనకి అన్నిటికంటే ముఖ్యమైంది అదేనని. థ్రెషోల్డ్ అంటే హద్దు అంకె. 128 హద్దు పెట్టారనుకోండి, అంతకంటే ఎక్కువున్న గళ్ళన్నీ తెలుపు, తక్కువున్నవన్నీ నలుపు. 127 కి నలుపు, 129 కి తెలుపు. ఆ రెండు గళ్ళకీ మధ్య తేడా కంటికి కనబడదు. హద్దు మాత్రం వాటిని చెరో వైపు పడేస్తుంది. 1979లో నొబుయుకి ఒత్సు అనే జపాన్ ఆయన హద్దుని బొమ్మే చెప్పేలా ఒక పద్ధతి రాశాడు. గళ్ళని రెండు గుంపులు చేసినప్పుడు ఆ గుంపులు ఒకదానికొకటి ఎంత దూరంగా ఉంటే అంత మంచి హద్దు అని లెక్క. చక్కటి పద్ధతే. కానీ బొమ్మలో నిజంగా రెండు గుంపులు లేకపోయినా, అన్నీ కలిసిపోయి ఒకే రాశిగా ఉన్నా, అది ఏదో ఒక అంకె ఇచ్చే తీరుతుంది. "ఇక్కడ విడదీయడానికి ఏమీ లేదు" అని చెప్పడం దానికి రాదు.

ఇప్పుడు దీన్ని మన కొండ మీదకి తీసుకెళ్దాం.

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబర్ 13 నాటికి మన వాళ్ళు సాగులో ఉన్న భూమి మీద, నాలుగు హెక్టార్లు మించకుండా, హక్కు అడగొచ్చు. మరి 2005లో ఈ వాలు మీద సాగు ఉందా, అడవి ఉందా అని ఎలా తేలుస్తారు? ఊరి పెద్దల మాట, గట్లు, రాళ్ళ కట్టలు, గుడిసెలు, పాత కాగితాలు. వీటితో పాటు ఉపగ్రహ చిత్రం. క్లెయిము పోయిన ఇళ్ళల్లో మనం వినే మాట ఏంటి? "శాటిలైట్‌లో అడవే కనిపించిందంట బాబూ." ఆ మాట విన్నాక మన తాతలు ఇంకేం మాట్లాడరు. పై నుంచి చూసిన కన్ను అబద్ధం చెప్తుందా అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం, ఈ సబ్జెక్ట్ చదివేదాకా.

ఆ కన్ను ఎంత చూస్తుందో లెక్క వేద్దాం. అమెరికా వాళ్ళ ల్యాండ్‌శాట్ 5 ఉపగ్రహం 1984 నుంచి 2013 దాకా నడిచింది. దాని చిత్రాలు ఇప్పుడు ఎవరికైనా ఉచితం. అందులో ఒక పిక్సెల్ నేల మీద 30 మీటర్లకి 30 మీటర్లు. అంటే 900 చదరపు మీటర్లు. మన లెక్కలో సుమారు 22 సెంట్లు. 22 సెంట్ల నేలకి ఒకే ఒక్క గడి! ఒక ఎకరం భూమి సరిగ్గా చదరంగా, గళ్ళకి సమానంగా ఉందనుకున్నా దాని లోపల పూర్తిగా ఇమిడే గళ్ళు నాలుగుకి మించవు. గళ్ళు కాస్త పక్కకి జరిగితే ఒక్కటే మిగలొచ్చు. మిగతావన్నీ సగం మన చేను, సగం పక్కనున్న అడవి కలిసిన గళ్ళు. మన పోడు ఎప్పుడైనా చదరంగా ఉందా? వాలుని బట్టి వంకర్లు తిరిగి ఉంటుంది. పైగా చేలో ఇప్ప, చింత, మామిడి, జీలుగు చెట్లు మన వాళ్ళు కొట్టరు, ఉంచేస్తారు.

పచ్చదనం కొలవడానికి ఎన్డీవీఐ అనే లెక్క ఉంది. ఆకు ఎర్ర కాంతిని పీల్చుకుంటుంది, కంటికి కనబడని పరారుణ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది. ఈ రెండిటి తేడాని రెండిటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్డీవీఐ. లెక్క అర్థమవడానికి మేము తీసుకున్న అంకెలు ఇవి. అడవి గడిలో పరారుణం 120, ఎరుపు 40 అయితే, 80 ని 160 తో భాగిస్తే 0.5. కోత అయిపోయిన చేను గడిలో పరారుణం 80, ఎరుపు 60 అయితే, 20 ని 140 తో భాగిస్తే 0.14. ఇప్పుడు సగం చేను, సగం చెట్లు ఉన్న గడి చూడండి. పరారుణం 100, ఎరుపు 50. అంటే 50 ని 150 తో భాగిస్తే 0.33. హద్దు 0.3 అని పెడితే ఈ గడి అడవి. 0.4 అని పెడితే ఇదే గడి చేను. నేల మారలేదు, చెట్టు మారలేదు, ఉపగ్రహం మారలేదు. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఒక అంకె మార్చాడు. 22 సెంట్లు అటు నుంచి ఇటు పోయాయి.

ఆ అంకె ఎవరు పెట్టారు? ఎందుకు అదే పెట్టారు? కొండకి వచ్చి చూసి సరిచూశారా? ఈ మూడు ప్రశ్నలు అడగడం రావాలనే మేము ఈ పోస్ట్ రాస్తున్నాం.

ఇంకా ఉన్నాయి. ఏ నెల చిత్రం? సామ, చోడి కోసేశాక డిసెంబర్‌లో నేల బోసిగా ఉంటుంది, అదే చేలో కంది ఉంటే పచ్చగా ఉంటుంది. ఏప్రిల్ చిత్రం తీసుకుంటే ఆకు రాల్చే అడవి కూడా చేనులాగే బోసిపోతుంది. వానాకాలం చిత్రాల్లో మబ్బు తప్ప నేల దొరకడం కష్టం. చలికాలంలో ల్యాండ్‌శాట్ పొద్దున పదింటి ప్రాంతంలో మన మీద నుంచి పోయేసరికి సూర్యుడు ఆగ్నేయంలో కిందకి ఉంటాడు, వాయవ్యం వాలులన్నీ నీడలో పడతాయి. ఎన్డీవీఐ లాంటి నిష్పత్తి తీస్తే నీడ కొంత సర్దుకుంటుంది గానీ పూర్తిగా పోదు. పాడేరు వైపు కాఫీ తోటలు సిల్వర్ ఓక్ నీడలో పెంచుతారు, పై నుంచి చూస్తే అవి చెట్లే. ఇక ఏ ఉపగ్రహం అన్నది. ల్యాండ్‌శాట్ 7 కి 2003 మే 31న లోపల ఒక భాగం పాడైంది. ఆ తర్వాత తీసిన ప్రతి చిత్రంలో నల్లటి చారలు, సుమారు 22 శాతం నేల మాయం. అంటే 2005 నాటి దాని చిత్రాల్లో కూడా ఆ చారలు ఉంటాయి. ఇప్పుడు మనం ఉచితంగా చూసే పది మీటర్ల సెంటినెల్ 2 చిత్రాలు బాగుంటాయి, కానీ అది ఎగిరిందే 2015లో. 2005 గురించి అది ఏం చెప్తుంది? మన దేశానివి ఆ రోజుల్లో ఆకాశంలో ఉన్నాయి. 2003లో పంపిన రిసోర్స్‌శాట్ 1 లో ఒక కెమెరా గడి 23.5 మీటర్లు, ఇంకోదాని గడి 5.8 మీటర్లు. 2005 మే నెలలో పంపిన కార్టోశాట్ 1 ది 2.5 మీటర్లు, కానీ అది నలుపు తెలుపు. కాబట్టి "శాటిలైట్‌లో కనిపించింది" అనే మాటకి అర్థం లేదు. ఏ ఉపగ్రహం, ఏ కెమెరా, ఏ తేదీ, ఎంత గడి, ఏ హద్దు? ఇవి చెప్తేనే అది సాక్ష్యం.

ఒకటి మాత్రం నిజాయితీగా చెప్పాలి. ఉపగ్రహ చిత్రం మన శత్రువు కాదు. పాత చిత్రంలో మన చేను స్పష్టంగా కనబడితే అదే మనకి సాక్ష్యం. చట్టం కూడా దాన్ని పక్కన పెట్టమనలేదు. 2012లో సవరించిన నిబంధనల్లో ఉన్నది ఏంటంటే, ఉపగ్రహ చిత్రాలు మిగతా సాక్ష్యాలకి తోడు కావచ్చు గానీ వాటి స్థానంలోకి రాకూడదు. పెద్దల వాంగ్మూలం, గట్లు, శ్మశానాలు, దేవుడి స్థలాలు, ఇవన్నీ చట్టం ఒప్పుకున్న సాక్ష్యాలే. ఈ నిబంధన మన గ్రామసభల్లో ఎంతమందికి తెలుసు? తెలిసినా, ఆఫీసులో రంగుల మ్యాప్ పరిచినప్పుడు దాని మీద వేలు పెట్టి అడగగలిగేది ఎంతమంది? 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, క్లెయిములు తిరస్కరించిన వాళ్ళని ఖాళీ చేయించమంది. ఫిబ్రవరి 28న ఆ ఉత్తర్వుని తనే ఆపింది. ఆ రెండు వారాలు మన ఇళ్ళల్లో ఎవరికీ నిద్ర లేదు. "తిరస్కరణ" అన్న ఒక్క మాటకి ఎంత బరువు ఉందో అప్పుడు తెలిసింది. ఆ తిరస్కరణ ఎలా జరిగిందో అడిగే మనుషులు మనలోంచే రావాలి.

రెండోది మొహం. మాలో ఒకరి హాస్టల్లో ఫోన్‌తో మొహం చూపించి హాజరు వేసేవాళ్ళు. వరండాలో, వెనక కిటికీ, ఎదురు వెలుతురు. కొందరికి ఒక్కసారికే పడేది, కొందరికి నాలుగుసార్లు చూపించినా పడేది కాదు. "నీ మొహం సరిగ్గా పెట్టు" అని తిట్లు. ఆ రోజు సిగ్గుపడి తల దించుకున్నాం. హిస్టోగ్రామ్ యూనిట్ చదివాక అర్థమైంది, అది మొహం తప్పు కాదని. వెనక వెలుతురు ఎక్కువైతే కెమెరా మొత్తం వెలుగు తగ్గిస్తుంది, మన నల్లటి మొహం 20 కి 60 కి మధ్య ఇరుక్కుపోతుంది. 256 మెట్లలో మన మొహానికి దక్కేది 40 మెట్లు. కళ్ళు, ముక్కు, బుగ్గ అన్నీ ఒకేలా అయిపోతాయి. ఆ తర్వాత అక్కడ కూడా ఒక హద్దు అంకె ఉంటుంది, ఇంత పోలిక ఉంటేనే "అదే మనిషి" అని. 2018లో అమెరికాలో జాయ్ బులంవీని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి అక్కలు మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లని పరీక్షించారు. మొహం చూసి ఆడా మగా చెప్పే సాఫ్ట్‌వేర్లవి. తెల్లటి మగవాళ్ళ దగ్గర తప్పు 0.8 శాతం దాటలేదు. నల్లటి ఆడవాళ్ళ దగ్గర 34.7 శాతం దాకా పోయింది. యంత్రానికి ఎవరి మొహాలు ఎక్కువ చూపించి నేర్పారో వాళ్ళనే అది బాగా గుర్తుపడుతుంది.

మన పాఠాల్లో బొమ్మలు కూడా అంతే. పాత పుస్తకాల నిండా, ల్యాబ్ రికార్డుల నిండా "లెనా" అనే ఒక విదేశీ అమ్మాయి ఫోటో. అది 1972 నాటి ఒక మగవాళ్ళ పత్రికలోంచి కత్తిరించింది. 2024 ఏప్రిల్ నుంచి ఐఈఈఈ కంప్యూటర్ సొసైటీ ఆ బొమ్మ ఉన్న పేపర్లు తీసుకోవడం మానేసింది. మరి మన కాలేజీలు ఎప్పుడు మానేస్తాయి?

మూడోది సంతోషం. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్ళో గోండి లిపిలో రాసిన పాత చేతిరాత పుస్తకాలు బయటపడ్డాయి. 2018లో యూనికోడ్‌లో గుంజాల గోండి లిపి చేరింది. అంటే ఇప్పుడు ఆ అక్షరాలని కంప్యూటర్‌లో టైపు చెయ్యొచ్చు. కానీ పాత కాగితం మరకలు పడి, పసుపెక్కి, వెనక పేజీ సిరా ఇటు వైపు కనబడుతూ ఉంటే దాన్ని ఎవరు తేటపరుస్తారు? పేజీ అంతటికీ ఒకే హద్దు పెడితే మరక ఉన్న చోట అక్షరం మునిగిపోతుంది. ఒక్కో చోట చుట్టుపక్కల గళ్ళని చూసి హద్దు మార్చుకుంటూ పోవాలి, దాన్నే అడాప్టివ్ థ్రెషోల్డింగ్ అంటారు. ఉట్నూరు తమ్ముడు ల్యాబ్‌లో లెనా బొమ్మ పక్కన పెట్టి, తనే గోండి అక్షరాలు రాసిన కాగితం మీద టీ ఒలకబోసి, ఫోటో తీసి ఇది చేశాడు. మరక పోయి అక్షరం తేలింది. అప్పటిదాకా మాకు ఈ సబ్జెక్ట్ మీద ఉన్న భయం కూడా ఆ రోజే పోయింది. మన లిపిని కంప్యూటర్ చేత చదివించే పని ఇంకెవరో వచ్చి చెయ్యాలని మనం ఎదురుచూడటం ఎందుకు?

ఇప్పుడు అన్నలు అడిగే ప్రశ్నలకి వద్దాం.

"లెక్కలు రావు కదా" అంటారు. నిజమే, ఫూరియర్ యూనిట్ కష్టమే. మాకూ సగం అర్థం కాలేదు. కానీ మిగతా యూనిట్లకి కూడిక, సగటు, భాగహారం చాలు. గ్రాఫ్ కాగితం మీద ఎనిమిది గళ్ళు అడ్డం, ఎనిమిది నిలువు గీసి చేత్తో చేస్తే నిలిచిపోతుంది. ఫూరియర్ కూడా ఊరికే పెట్టలేదు. మన వాట్సాప్ ఫోటో చిన్నదయ్యేది దాని చుట్టం లెక్కతోనే. జేపెగ్ అనే పద్ధతి బొమ్మని 8 కి 8 గళ్ళ ముక్కలు చేసి, సన్నటి వివరాలని వదిలేస్తుంది. అందుకే గట్ల ఫోటోలు, పాత రసీదుల ఫోటోలు సాక్ష్యంగా పంపేటప్పుడు మామూలు ఫోటోగా పంపకండి, డాక్యుమెంట్‌గా పంపండి. లేకపోతే సన్న గీతలు పోతాయి, తీసిన చోటు వివరం కూడా ఊడిపోతుంది.

"ఉద్యోగం వస్తుందా" అంటారు. ఈ ఒక్క సబ్జెక్ట్‌తో వస్తుందని మేము చెప్పం. గ్రూప్స్, డీఎస్సీ చదివేవాళ్ళు చదవండి, ఎవరి ఇంటి పరిస్థితి వాళ్ళది. ఇది ఆ చదువుకి అడ్డం కాదు, ఎలాగూ ఏదో ఒక ఎలక్టివ్ చదవాలి కదా.

"భూమి పోరాటంతో వస్తుంది, పిక్సెళ్ళతో కాదు" అని ఒక అన్న ఫోన్లో కోప్పడ్డాడు. ఆ మాటని గౌరవిస్తాం. గ్రామసభ లేకుండా, తీర్మానం లేకుండా, పెద్దల మాట లేకుండా ఏ చదువూ భూమి తేదు. కానీ అన్నా, సబ్ డివిజన్ కమిటీ ఒక నిర్ణయం చేస్తే పైకి వెళ్ళడానికి ఉన్నది 60 రోజులు. ఆ అరవై రోజుల్లో మ్యాప్ చదవగలిగిన మనిషి ఊళ్ళో ఒకరున్నా పోరాటానికి బలమే గానీ నష్టం కాదు.

చివరిగా మేము అడిగేవి. సార్లకి, మేడమ్‌లకి మనవి: ల్యాబ్‌లో ఒక్క ప్రయోగమైనా మా కొండల చిత్రంతో చేయించండి. హద్దు మారిస్తే మ్యాప్ ఎలా మారుతుందో చూపించండి. పరీక్షలో "థ్రెషోల్డింగ్ నిర్వచించుము" అని కాకుండా "ఈ హద్దు ఎందుకు పెట్టారు" అని అడగండి. తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి: ఎన్పీటెల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ ప్రొఫెసర్ బిశ్వాస్ గారి పాఠాలు ఉచితంగా ఉన్నాయి. క్యూజీఐఎస్, ఓపెన్‌సీవీ కూడా ఉచితమే. ల్యాప్‌టాప్ లేకపోతే ల్యాబ్‌లో మిగిలిన టైము అడిగి తీసుకోండి. లెక్కల దగ్గర ఆగిపోతే గ్రూపులో అడగండి, ఆదివారం సాయంత్రం మేము ఐదుగురం ఫోన్లో కూర్చుంటాం. వచ్చిందే చెప్తాం, రానిది కలిసి నేర్చుకుందాం.

ఈ సెలవులకి ఊరెళ్ళినప్పుడు ఒక్క పని చెయ్యండి. తాతనో, నాన్ననో తీసుకుని చేను చుట్టూ ఒకసారి నడవండి. ఏ చెట్టు ఎప్పటిది, ఏ గట్టు ఎవరు వేశారు, ఏ ఏడు బీడు పెట్టారు, అన్నీ రాసుకోండి. ఉపగ్రహం గడిలో ఏముందో తేల్చడానికి కావలసిన నేల సాక్ష్యం అదే. ఇమేజ్ ప్రాసెసింగ్‌లో దాన్ని గ్రౌండ్ ట్రూత్ అంటారు. అది మన పెద్దల దగ్గర ఉంది. లెక్క మనం నేర్చుకుందాం.

జై ఆదివాసీ.